శారద తిన్నది

1982 నవంబరు 22, సోమవారం

పాలు మూడున్నర లీటర్లు. కొడుకు సత్యానికి పూటకొక గ్లాసు, మగపిల్లలిద్దరికీ చెరొక గ్లాసు, దేవుడికి చిన్న గిన్నె. మిగతావి తోడు. మీగడ విడిగా — నెయ్యికి.

కార్తీక సోమవారం. నేనూ కోడలు శారదా ఉపవాసం. శారద దీపం పెట్టి లేవబోయి లేవలేకపోయింది. రెండు చేతులూ తొడల మీద ఊని, తన మీద తనే ఎక్కుతున్నట్టు లేచింది. ముప్పై ఆరేళ్ల మనిషి.

"నడుము పట్టింది అత్తమ్మా."

నాకు అరవై ఏడు, నేను లేచాను కదా అన్నాను.

నవంబరు 26

గిన్నెలు తోమే లచ్చమ్మకు నవ్వులాటగా ఉంది. "కోడలమ్మ బాతు లెక్క నడుస్తాంది సావుకారమ్మా. జర దవాఖానకు తోల్కపోరాదు?" నీ పని నువ్వు చూసుకో అన్నాను. తరువాత తలుపు చాటున నిలబడి చూశాను.

బాతు నడకే.

డిసెంబరు 3

హనుమకొండలో లేడీ డాక్టరు. చిన్న వయసు, కాని ప్రశ్నలు పద్ధతిగా అడిగింది. ఎన్ని కాన్పులు? ఐదు, బతికింది ముగ్గురు. కాన్పు తరువాత ఏం పెట్టేవారు? నేనే చెప్పాను — నలభై రోజులు చీకటి గది, ఐదు నెలలు వెల్లుల్లి కారం అన్నం, పాలూ పెరుగూ ముట్టనివ్వలేదు, ఒక్క రోజు పథ్యం తప్పలేదు. కొంచెం గర్వంగానే చెప్పాను.

డాక్టరమ్మ శారద మోకాలి కింద ఎముకను బొటనవేలితో నొక్కింది. శారద కేక పెట్టింది. ఈ ఇంటికి వచ్చిన పద్దెనిమిదేళ్లలో ఆమె గొంతు అంత పైకి నేను వినలేదు.

ఎక్స్‌రే తీయించాలట. "ఇంకొక పనమ్మా. ఏడు రోజులు ఈమె ఏమేం తిన్నదో, ఎంత తిన్నదో కాగితం మీద రాసుకొని రండి."

అది నాకు చెప్పాలా! ముప్పై ఏళ్లుగా ఈ ఇంట్లో గింజ గింజకీ లెక్క నా పుస్తకంలో ఉంది.

డిసెంబరు 4

రాయలేకపోయాను.

సత్యం తిన్నది తెలుసు. పిల్లలు తిన్నది తెలుసు. శారద అందరి తరువాత, వంటింట్లో గోడవైపు తిరిగి తింటుంది. నేనెప్పుడూ చూడలేదు. నా పుస్తకంలో కూరకూ పెరుగుకూ చివరి గడి 'మిగిలినది'. శారద భోజనం ఆ గడిలోనే ఉంటుంది — ఏ రోజు ఎంతో, అసలు ఉందో లేదో.

రేపటి నుంచి ఎదురుగా కూర్చోవాలి.

డిసెంబరు 11

ఏడు రోజులు అయ్యాయి. శుభ్రంగా మరొక కాగితం మీద ఎత్తి రాశాను. నా కోసం ఇక్కడ కొంత —

ఉదయం చాయ, అందులో రెండు చెంచాల పాలు. మధ్యాహ్నం మూడింటికి అన్నం, పచ్చిపులుసు, అడుగున మిగిలిన పప్పు. రెండు రోజులు పప్పు మిగలలేదు. చింతకాయ తొక్కు కలుపుకుంది. రాత్రి జొన్నరొట్టె ఒకటి, మజ్జిగ — చిలికి వెన్న తీసినది. సోమవారం ఉపవాసం, ఒక అరటిపండు. గురువారం మెంతికూర వండాం, అది కొంచెం అందింది.

పెరుగు: ఏడు రోజుల్లో ఒక్కసారి. నెయ్యి: లేదు. పాలు: చాయలోనివి తప్ప లేవు.

ఎదురుగా కూర్చున్నందుకు సిగ్గుపడింది. "మీరట్ల జూస్తే నాకు మింగుడు పడదు అత్తమ్మా." చూడక తప్పదన్నాను.

డిసెంబరు 13

డాక్టరమ్మ నా కాగితం రెండుసార్లు చదివింది. అక్షరం బాగుందన్నది. తరువాత అన్నది — "దీంట్ల డి విటమిన్ అసలే లేదమ్మా."

పప్పు ఉంది, ఆకుకూర ఉంది అన్నాను.

"వాటిల్ల ఉండదు."

పాలు?

"పాలల్ల ఉండేదే కొంచెం. ఈమెకు అందేది చాయల రెండు చెంచాలు." ఎక్స్‌రే పటాన్ని కిటికీకి ఎత్తి పట్టింది. ఎముకలు అంచుల్లో మసకగా, నానిన కాగితంలా. డి విటమిన్ లేకపోతే తిన్న సున్నం — కాల్షియం — ఎముకకు పట్టదట. ఎముక మెత్తబడుతుంది, ఒంగుతుంది, పగులుతుంది. గుడ్డు, చేప, చేప కాలేయం నూనె — వాటిలో ఉంటుంది. లేదా ఒంటి మీద ఎండ పడాలి.

మేం కోమట్లమమ్మా అన్నాను.

"తెలుసమ్మా. మీ బజారు నుంచి ఈ నడకతోని వస్తున్నది ఈమె ఒక్కతే కాదు."

శారద ఇద్దరి మాటలూ వింటూ గోడ గడియారం చూస్తోంది. ఇంట్లో పొయ్యి మీద ఏదో ఆలస్యమవుతోందని ఆమె దిగులు.

డిసెంబరు 15

శారద పిల్లల్లో పెద్దది, మనవరాలు ఉమకు పదిహేడు, డిగ్రీ మొదటి సంవత్సరం. కాలేజీ నుంచి పోషకాహారం పుస్తకం తెచ్చి చదివి వినిపించింది. డి విటమిన్ ఉన్న వస్తువులు ఐదే. చేప కాలేయం నూనె. చేప. కాలేయం. గుడ్డు సొన. ఐదవది వెన్న — అదీ కొద్దిగా.

నాలుగు ఈ గడప దాటవు. ఐదవది మగవాళ్ల విస్తరిలోకి పోతుంది. ఆ ఏర్పాటు ఎవరిదని ఉమ అడగలేదు.

డిసెంబరు 16

ఈ రోజు నుంచి శారదకు పాలు ఒక గ్లాసు, అన్నంలో నెయ్యి ఒక చెంచా. నా చేత్తో. తాగి కక్కింది. అలవాటు లేదు.

డిసెంబరు 19

లచ్చమ్మను అడిగాను — నువ్వు ఏం తింటావని. నా వయసుకు పదేళ్లు తక్కువేమో. కాళ్లు కొయ్యల్లా ఉంటాయి.

"ఏం తింట సావుకారమ్మా! జొన్న గడక, తొక్కు. మా అల్లుడు ధర్మసాగర్ చెరువుల వలేస్తడు, చాపలు దెస్తే చాపలు. లేకుంటె ఎండు చాపలు. కోడి పెడితె గుడ్డు." ఆగి, "ఎందుకడిగినవ్? ఒక కూర గిన్నె పంపాల్నా?" అని పగలబడి నవ్వింది.

లోపల శారద కూడా నవ్వినట్టు వినిపించింది. వెంటనే ఆపుకుంది.

1983 జనవరి 6

శారదకు డి విటమిన్ సూదిమందు వేశారు. ఒక్కటే, పెద్ద మోతాదు. సున్నం బిళ్లలు రోజుకు రెండు. ఎండలో కూర్చోవాలి.

ఎక్కడ కూర్చోవాలి? నడిమింటి వాకిలి మీద రేకులు వేసి పదకొండేళ్లు — వర్షానికి మిరప బస్తాలు తడుస్తున్నాయని నేనే వేయించాను. ఆ ఏడు నుంచి ఈ ఇంట్లో నేల మీద ఎండ పడదు. డాబా మెట్లు శారద ఎక్కలేదు. మిగిలింది బజారు వైపు అరుగు.

జనవరి 8

అరుగు మీద కూర్చోబెట్టాను. పక్కనే సత్యం దుకాణం, వచ్చీపోయే బేరాలు. తల మీద కొంగు, మణికట్టు దాకా జాకెట్టు, పాదాలు చీర లోపల. ఎండ ఆమెను ఎక్కడ తాకాలి?

పది నిమిషాలకు, "అందరు సూస్తాండ్రు అత్తమ్మా, నాతోని కాదు," అని గోడ పట్టుకొని లోపలికి వచ్చేసింది. మళ్లీ వెళ్లమనడానికి నాకు నోరు రాలేదు. కోడలు అరుగెక్కకూడదని మొదటి ఏడాదే చెప్పినది నేను.

ఫిబ్రవరి 10

కొంచెం నయం. నిన్న పీట మీంచి చేతులు ఊనకుండా లేచింది. ఎవరూ చూడలేదనుకుంది.

ఫిబ్రవరి 17

ఉమ దుకాణంలోంచి వనస్పతి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "సూడు నానమ్మా, దీని మీద రాసిండ్రు. ఏ, డి విటమిన్లు కలిపినమని. ఇది శాకాహారమే గద!"

ఊరందరికీ అమ్ముతాం. వంటింట్లోకి ఏనాడూ రానివ్వలేదు — కల్తీ నెయ్యి అని. సరే, రానీ అన్నాను. డాక్టరమ్మను అడిగించాను. ఈమె స్థితికి చాలాలంటే డబ్బాలు తాగాలన్నదట.

డబ్బా దుకాణానికి తిరిగి పోయింది.

మార్చి 4

మళ్లీ నొప్పి. ఈసారి తుంటి దగ్గర. సూది వెంటవెంటనే వేయకూడదట, మోతాదు మించితే మూత్రపిండాలు చెడతాయట. "సూది ఒక్కటే మోయదమ్మా. రోజూ కడుపులకు పోవాలె." డాక్టరమ్మ సీసా ఇచ్చింది. తేనె రంగు గోళీలు, వెలుగుకు పట్టి చూస్తే లోపల నూనె కదులుతోంది. రోజుకు రెండు.

ఇంటికి వచ్చి కళ్లజోడు పెట్టుకొని చీటీ చదివాను. నాకు ఇంగ్లీషు నెమ్మదిగా వస్తుంది, కాని వస్తుంది. చేప కాలేయం నూనె.

సీసా నా చెక్కపెట్టెలో, చీరల అడుగున. మందు ఏదని శారద అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో.

మార్చి 12

సీసా పెట్టెలోనే ఉంది.

మార్చి 20

నువ్వులుండలు చేశాను. రాగి జావ. సున్నానికి మంచివే. కాని డి విటమిన్ వీటిలో లేదు, ఉమ పుస్తకంలో చూశాను, మళ్లీ చూశాను.

ఏప్రిల్ 1

రెండు కాళ్లూ ఈడ్చి నడుస్తోంది. ఇంకొక వారం చూద్దాం... ఏం చూడటానికి?

ఏప్రిల్ 14

తొడ ఎముక పగిలింది. పడలేదు, ఏమీ తగలలేదు. బియ్యం చేట ఎత్తుకొని పక్కకు తిరిగింది, అంతే.

సన్నటి పగులు. మూడు నెలలు మంచం. డాక్టరమ్మ నన్ను అడిగింది — "గోళీలు ఇస్తున్నరా?"

లేదన్నాను. అబద్ధం చెప్పడం రాదు.

"ఎన్ని రోజులు ఇయ్యలేదు?"

నలభై ఒకటి అన్నాను. ఆమె కలం కింద పెట్టేసింది.

ఏప్రిల్ 15

సత్యంతో చెప్పాను. బస్తా మీద కూర్చుండిపోయాడు.

"ఇన్ని దినాలు పెట్టెల పెట్టుకున్నవా అమ్మా?"

పెట్టుకున్నాను.

"ఇగ ఇయ్యి. చేప అని చెప్పకు. మందు అని ఇయ్యి, అయిపాయె."

ఉమదీ అదే మాట. ఇద్దరూ తెలివైనవాళ్లే. నేను మాత్రం, ఒక మనిషి నోట్లోకి ఏం పోతోందో ఆ మనిషికి చెప్పకుండా పెట్టలేను. పద్దెనిమిదేళ్లు ఏం పోలేదో చూడకుండా గడిపాను. ఇప్పుడు మోసంతో మొదలుపెట్టనా?

ఏప్రిల్ 17

చెప్పాను. మంచం పక్కన పీట వేసుకొని, సీసా చేతిలో పెట్టి — ఇది చేప నూనె శారదా, నీకు ఇది కావాలి, పాపం ఉంటే నాది అని.

సీసాను చాప మీద దూరంగా పెట్టింది. కొంగుతో వేళ్లు తుడుచుకుంది.

"నాకొద్దు అత్తమ్మా."

డాక్టరమ్మ చెప్పిందన్నాను.

"తినగూడని దినాలల్ల ఉల్లిగడ్డ గూడ తిననియ్యలే మీరు. పొయ్యి కాడ తడి చీరతోని నిలబెట్టిండ్రు. నేను తప్పనలే. మంచిదే అనుకున్న. ఇప్పుడు నోట్లె చేప బెట్టుకోమంటే ఎట్ల?"

నా మాట అన్నాను — ఆజ్ఞగానే. ఇన్నేళ్లలో నా మాట దాటలేదు.

"వేరే ఏదన్న చెప్పుండ్రి, చేస్త," అంది. చాలా మెల్లగా. కోపంతో అన్నా బాగుండేది.

ఏప్రిల్ 18

సత్యం బతిమాలాడు. లేదు.

ఏప్రిల్ 19

లచ్చమ్మ మంచం దగ్గర కూర్చొని కాళ్లు పిసుకుతోంది. "మింగు బిడ్డా. దేవుడు నీ కడుపుల జొచ్చి సూస్తడా ఏంది?"

"నువ్వు పో లచ్చక్కా," శారద నవ్వుతూనే. "నన్ను గూడ చాపలోళ్లల్ల కలుపుతవా?"

లేదు.

ఏప్రిల్ 20

నాకు తోచింది ఒక్కటే. ఆమె ఎదుట నేను మింగాలి. మడి కట్టే నేనే మింగితే ఇక ఆమెకు అడ్డేముంది?

నీళ్ల గ్లాసు, ఒక గోళీ. మింగాను. కడుపులోంచి వాసన పైకి వచ్చింది. కక్కకుండా పళ్లు బిగించి కూర్చున్నాను. అరవై ఏడేళ్లు శుభ్రంగా ఉంచుకున్న నోరు.

శారద చూసింది. కళ్లనిండా నీళ్లు. ఇప్పుడు చెయ్యి చాపుతుందనుకున్నాను.

ఏప్రిల్ 21

అన్నం కలిపి తీసుకువెళ్లాను. పళ్లెం ముట్టలేదు.

ఆకలి లేదా?

గోడవైపు తిరిగింది. అటు చూస్తూనే — "ఉమను వండమనుండ్రి అత్తమ్మా. ఏమనుకోకుండ్రి. నిన్న మీరు... అది మింగిండ్రు గదా."

మొదట అర్థం కాలేదు.

తరువాత అర్థమైంది. పళ్లెం తీసుకొని బయటికి వచ్చాను. ఇది నేను నేర్పిన పాఠమే. ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పింది.

ఏప్రిల్ 22

ఉమ వండుతోంది. నేను వంటింటి గడప బయట.

పాలు మూడున్నర లీటర్లు. పంచింది ఉమ. శారదకు ఒక గ్లాసు అన్నది. నేను చూడలేదు. నా చెయ్యి తగిలితే అదీ తాగదు.

ఏప్రిల్ 27

ఉమ వంట చేసి వచ్చి పక్కన కూర్చుంది. కాళ్లు చాపుకుంది. ఎందుకో మోకాలి కింద బొటనవేలితో నొక్కాను, డాక్టరమ్మ నొక్కిన చోట.

"అబ్బా! నొస్తది నానమ్మా."

ఎన్నాళ్ల నుంచి?

"ఏమో. మెట్లెక్కితె నొస్తది. అందరికి నొయ్యదా?"

ఏప్రిల్ 28

ఉమ తాను మింగుతానంది. భయం లేదు ఆ పిల్లకు. సీసా మూత తీసి, ఆగిపోయింది.

"నేను మింగితే అమ్మకు ఎవ్వరు వండాలె?"

మూత పెట్టేశాను.

దాచి మింగు అనవచ్చు. అనలేదు. అనాలా? ఎవరిని కాపాడుతున్నానో నాకే తెలియడం లేదు.

మే 2

వేరే ఇంటి కోమటామెను వంటకు పెట్టుకుందామని సత్యం ఇద్దరిని అడిగాడు. ఒకామె నడుము నొప్పి అన్నదట. ఇంకొకామె మెట్లు ఎక్కలేదట.

మే 5

నేను రోజూ ఒక గోళీ మింగుతున్నాను. ఇక మానేసి ఏం లాభం? నా లెక్కలో 'నేను' అన్న గడి కొత్తగా గీశాను. దాని పక్కన శారద. ఆమె గడిలో ఉమ చెప్పినవి రాస్తాను — అన్నం, పప్పు, గ్లాసు పాలు, చెంచా నెయ్యి. అన్నీ మంచివే. కావలసినది ఒక్కటి లేదు.

మే 7

డాక్టరమ్మ ఇంటికే వచ్చింది. పగులు మానడం లేదు. రెండో కాలుకూ అదే చోట గీత మొదలైందట. కదలకూడదు. "ఆమెకు మీరే చెప్పాలమ్మా. మీ మాటంటే ఆమెకు గురి."

అవును, గురి.

మే 9

ఉమ బయట చేరింది. మూడు రోజులు వంటింట్లోకి రాదు. హోటలు నుంచి తెస్తానన్నాడు సత్యం. "హోటల్ కూడు నాకొద్దు," అంది శారద. ఇరుగింటి నుంచి తెస్తానన్నాడు. వాళ్లు పిల్లవాడికి రహస్యంగా గుడ్డు పెడతారట, వద్దంది. ఒక్క పూట అన్నం లేకపోతే ఏమైతది అన్నాడు, కోప్పడి దుకాణంలోకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు పదకొండు గంటలు. తనే వండుకుంటానని శారద మంచం దిగింది.

వద్దన్నాను. లచ్చమ్మ నీళ్లు దొడ్లో పెట్టి వెళ్లింది. శారద స్నానానికి గోడ పట్టుకొని వెళ్లింది. అరగంట. లోపలి నుంచి శబ్దం లేదు, రెండుసార్లు పిలిస్తే పలికింది. తడి చీర చుట్టుకొని వచ్చింది. పెదవి కొరుక్కున్న చోట రక్తం.

నేను లేచాను.

"దూరం ఉండుండ్రి అత్తమ్మా. తాకితె మల్ల తానం చెయ్యాలె. ఇంకోసారి నాతోని కాదు."

కూర్చున్నాను. పుస్తకం ఒళ్లో పెట్టుకున్నాను. ఏదో ఒకటి రాస్తుంటేనే ఈ చేతులు ఆగుతాయి.

వంటింటి ద్వారబంధం రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉంది. నాకూ ఆమెకూ మధ్య నాలుగడుగులు. గడప జానెడు ఎత్తు. కాలు ఎత్తాలి.

ఎత్తలేదు ఇంకా. ఊపిరి తీసుకుంటోంది.

శారదా అన్నాను. తల తిప్పలేదు.

ఒక చెయ్యి వదిలింది —